చివరి ఇంటికి చేరే కబురు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కృష్ణా జిల్లాలో తుఫాను అనగానే 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. అప్పటికి మేము పుట్టలేదు. పెద్దలు చెప్పగా విన్నాము. లారీలు తరువాత ఎన్నో వచ్చాయట గాని, ఆ రాత్రికి మాత్రం పక్కింటివాడే దిక్కట.

ఈ మాటనే పాఠంగా నేర్చుకున్న దేశం బంగ్లాదేశ్. 1970 నవంబరు 12న, అది ఇంకా తూర్పు పాకిస్తాన్‌గా వున్నప్పుడు, తుఫానులో 3 లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారు. రేడియో హెచ్చరించింది. కాని ఆ కబురు చివరి గుడిసెకు చేరలేదు. అందుకని 1972లో రెడ్‌క్రాస్ వారు ఊళ్ళవాళ్ళనే వాలంటీర్లుగా తయారుచేయటం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ప్రభుత్వం కూడా చేయి కలిపింది. జెండా ఎగరేయటం, చేతి సైరను తిప్పటం, గొట్టం మైకుతో వీధివీధికీ తిరిగి చెప్పటం, ముసలివాళ్ళను షెల్టరుకు చేర్చటం వాళ్ళ పని.

అయినా 1991 ఏప్రిల్ 29న మళ్ళీ సుమారు 1,38,000 మంది పోయారు. షెల్టర్లు చాలలేదు. ఇంకొక సంగతి మనం చెవిని పెట్టాలి. 20 నుంచి 44 ఏళ్ళ వయసువారిలో, వెయ్యిమంది మగవాళ్ళకు 15 మంది చనిపోతే, వెయ్యిమంది ఆడవాళ్ళకు 71 మంది చనిపోయారు. ఎందుచేత? మగవాళ్ళు బజారులోనే కబురు విన్నారు. ఆడవాళ్ళు పిల్లలతో ఇంట్లో వుండి, భర్త వచ్చి చెప్పేదాకా ఎదురుచూశారు. షెల్టరులో పరాయి మగవాళ్ళ మధ్య మరుగు లేదని వెనుకాడారు.

తరువాత వాళ్ళు ఆడవాళ్ళకు వేరే గదులు కట్టారు. ఇప్పుడు అక్కడి వాలంటీర్లు 76,000 పైచిలుకు. అందులో సగం మంది స్త్రీలే. 2020 మే నెల అంఫన్ తుఫానుకు ముందే 20 లక్షలకు పైగా జనాన్ని తరలించారు. ఆ దేశంలో చనిపోయినవారు 30 మందికి లోపే. తుఫానులన్నీ ఒక్కటి కావు, కట్టలూ షెల్టర్లూ కూడా పెరిగాయి, నిజమే. కాని తలుపు తట్టే మనిషి లేకపోతే షెల్టరు వుండి ఏం లాభం?

మరి మన సంఘం ఏం చేస్తున్నది? చందా పోగుచేసి పాతబట్టల మూటలు పంపుతున్నాము. 2004 సునామీ తరువాత తమిళనాడులో అటువంటి బట్టలే రోడ్ల పక్కన గుట్టలుగా పడివున్నాయి. ఏం కావాలో అడిగి పంపటమే సాయం.

కాబట్టి మా మనవి ఇది. ప్రతి గల్లీకీ ఇద్దరు మగవాళ్ళను, ఇద్దరు ఆడవాళ్ళను ఎంచుకుందాం. నడవలేని బుజుర్గులు, గర్భిణీలు, ఒంటరిగా వుండేవారు ఎవరో పేర్లు రాసి పెట్టుకుందాం. ఆ జాబితాలో హిందువుల ఇళ్ళు, ముస్లిముల ఇళ్ళు అన్న తేడా వుండరాదు. నీళ్ళు ఇల్లు చూసి రావు.

ఆడవాళ్ళ పేర్లు ఎలా రాయటమని కొందరు బుజుర్గులు సందేహించవచ్చు. పర్దాను మేమూ గౌరవిస్తాము. కాని పర్దాలో వున్న తల్లి తలుపు అర్ధరాత్రి తట్టాలంటే మరొక తల్లే వెళ్ళాలి కదా! సెక్రటరీ సాహెబ్, మొదటి పేరు మా ఇంటావిడది రాసుకోండి. ఆమెను అడిగే వచ్చాము.