సాంబ్రాణి పొగ - పసిబిడ్డ ఊపిరి



ఈ రోజు సాంబ్రాణి పొగ గురించి నాలుగు మాటలు చెప్తాను. "టీచరుకి వేరే సంగతే దొరకలేదా?" అనుకోకండి. ఇది మన పసిబిడ్డల ఊపిరి సంగతి.

పోయిన చలికాలంలో మన కేంద్రానికి వచ్చే ఒక అక్క నాలుగు రోజులు చదువుకు రాలేదు. వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె కోడలు బాలింత. బిడ్డకు 20 రోజులు. గాలి తగలకూడదని తలుపు, కిటికీ మూసేశారు. మంచం పక్కన నిప్పుల కుంపటి. అప్పుడే బిడ్డకు నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేశారు. గది నిండా పొగే. నాకే కళ్ళు మండాయి. బిడ్డ దగ్గుతోంది. పాలు తాగడం లేదు.

"పొగ వద్దక్కా" అన్నాను.

"నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసమ్మా? మా అత్త వేసింది. నేనూ వేశాను. మా పిల్లలు బతకలేదా?" అంది.

ఆ మాటకు నాకు జవాబు దొరకలేదు. వెళ్ళి ఏ.ఎన్.ఎం. అక్కను పిలుచుకొచ్చాను. ఆమె గడియారం చూస్తూ బిడ్డ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 68. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయాం. నిమ్ము అన్నారు. వారం రోజులకు బిడ్డ క్షేమంగా ఇల్లు చేరింది.

"పొగ వల్లే వచ్చిందా?" అని అక్క డాక్టరును అడిగింది. "నిమ్ము క్రిముల వల్ల వస్తుంది. కానీ పొగ పీల్చే బిడ్డకు అది తొందరగా పట్టుకుంటుంది" అన్నారు డాక్టరు.

ఎందుకట్లా? సాంబ్రాణి అంటే చెట్టు జిగురు. వాసన బాగుంటుంది. అయినా పొగ పొగే. అందులో కంటికి కనపడనంత సన్నని నుసి ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. పసిబిడ్డ 40 నుంచి 60 సార్లు తీస్తుంది. బిడ్డ ఊపిరి గొట్టాలు చాలా సన్నం. అందుకే ఆ పొగ బిడ్డకే ఎక్కువ చెరుపు.

నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలి కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకుంటే ప్రాణమే పోవచ్చు.

దోమల కాయిల్ కూడా తక్కువది కాదు. చైనా, మలేషియా దేశాల కాయిళ్ళను పరీక్షించి 2003లో ఒక లెక్క చెప్పారు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే నుసి, 75 నుంచి 137 సిగరెట్లు కాలితే వచ్చే నుసితో సమానమట!

మరి ఏం చేయాలి?

బిడ్డ తల మెత్తని పొడిగుడ్డతో తుడవండి. పొగ వేయకండి.
వెచ్చదనానికి బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి దుప్పటి కప్పండి. కుంపటి వద్దు.
దోమలకు దోమతెర కట్టండి.
దేవుడికి ఊదుబత్తి వెలిగిస్తే ఒక్కటి చాలు. కిటికీ తెరవండి. బిడ్డను దూరంగా ఉంచండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, 5 ఏళ్ళ లోపు బిడ్డకు 40. అంతకు చేరినా, దాటినా ఆస్పత్రికి పోవాలి. డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా ఆగకూడదు. 108కి ఫోన్ చేయండి.

ఆస్పత్రి వరండాలో ఆ అక్క నాతో ఒక మాట చెప్పింది. ఆమె తొలి బిడ్డ నెల లోపే దగ్గుతో పోయిందట. ఎందుకు పోయిందో అప్పుడు ఎవరూ అడగలేదు. "బతికినోళ్ళనే లెక్కపెట్టాను టీచరమ్మా" అని కళ్ళు తుడుచుకుంది.

మనం అంకెలు నేర్చుకున్నాం. గడియారం చూడడం నేర్చుకున్నాం. ఆ చదువు మన బిడ్డల ఊపిరి కాపాడాలి. ఈ రాత్రి ఇంటికి పోయి, ముందు కిటికీ తెరవండి.

సెలవు.