తాళంచెవి ఎవరి దగ్గరుంది?



బీరువా తాళం పోతే మారుతాళం చేయించుకుంటాం. సెల్‌ఫోను అలా కాదండీ. తెర తాళం మరిచిపోయి, ఎవరో చెప్పారని పక్క బటన్లు నొక్కిపట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేశామనుకోండి. ఫోను కొత్తదానిలా మేలుకుంటుంది గాని, ఇదివరకు అందులో ఉన్న గూగుల్ ఖాతా చెప్పందే లోపలికి రానివ్వదు. ఖాతాలో దాచుకోని ఫొటోలు ఎలాగూ పోతాయి.

2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన కట్టుదిట్టమిది. దొంగ ఫోను చెరిపేసి అమ్ముకోకుండా పెట్టారు. మంచిదే. చిక్కల్లా, చాలా ఇళ్లలో ఇల్లాలి ఫోనులో ఉన్న ఖాతా ఇల్లాలిది కాదు.

మా వీధిలో ఒక పెద్దావిడకు కొడుకు ఫోను కొని, తన ఖాతాతోనే తెరిచిచ్చి విదేశం వెళ్లాడు. అక్కడ పాస్‌వర్డు మార్చుకున్నాడు. ఇక్కడ ఫోను మొరాయించింది. ఈవిడకు పగలైతే అతనికి రాత్రి. డాక్టరుగారి నంబరుతో సహా అన్నీ అందులోనే! రెండు రోజులు ఆవిడ పడ్డ అవస్థ చూడలేకపోయాం. ఫోను ఆవిడదే, తాళంచెవి మాత్రం ఆవిడది కాదు.

మీకలా జరిగితే కంగారు పడకండి. చాలా ఫోన్లలో పాత తెర తాళం అంకెలు గుర్తుంటే అవి వేసినా తెరుచుకుంటుంది. పాస్‌వర్డు మరిచిపోతే, మీ ఖాతా ఇదివరకే తెరిచివున్న మరో ఫోనులోనో కంప్యూటర్లోనో, ఇంట్లోంచే ప్రయత్నించండి. తెలిసిన చోటునుంచి అడిగితే గూగుల్ తేలిగ్గా నమ్ముతుంది. కొత్త పాస్‌వర్డు వెంటనే పనిచేయకపోతే 24 గంటలు ఆగండి. అదీ కాకపోతే కొన్న రసీదు తీసుకుని కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లడమే. చిటికెలో తాళం తీసిపెడతామంటూ ఓటీపీ అడిగేవాళ్లను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

అన్నట్టు, పాత ఫోను పనమ్మాయికి ఇచ్చేటప్పుడు ముందు సెట్టింగులలో మీ ఖాతా తీసేసి, ఆ తరవాతే చెరపండి. లేకపోతే పాపం, ఆ పిల్లకు ఇచ్చింది ఫోను కాదు, అద్దంబిళ్ల.

ఈ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మీ ఫోనులో ఎవరి పేరుతో ఖాతా ఉందో చూడండి. మీది కాకపోతే, మీ పేర ఒకటి తెరిపించుకోండి. దానికి జతచేసిన నంబరు ఇప్పుడు మీరు వాడుతున్నదేనా? పాత నంబరైతే, తాళం తీసే అంకెలు దానికే వెళతాయి.