అయస్కాంతం కట్టిన గట్టు

(ప్రసంగ పాఠం)



దీపావళినాటి తారాజువ్వను ఎరుగనివారు లేరు. మందు మండి వాయువును వెనుకకు చిమ్ముతుంది. ఆ ప్రతిచర్య వలన జువ్వ ముందుకు దూసుకొనిపోతుంది. మహా రాకెట్లు సైతం ఈ న్యూటన్ సూత్రానికే లోబడినవి. అయితే రసాయన ఇంధనం మండగా వెలువడే వాయువు వేగం సెకనుకు నాలుగున్నర కిలోమీటర్లను మించడం అరుదు. అంతకు మించిన వేగం కావలెనంటే మంటను విడిచి విద్యుత్తును ఆశ్రయించవలసి ఉంటుంది. ఆ ప్రయత్న ఫలమే ప్లాస్మా థ్రస్టర్.

పరమాణువుల నుండి ఎలక్ట్రానులు విడివడగా, ధనావేశం గల అయానులు, ఋణావేశం గల ఎలక్ట్రానులు కలగలిసి ఉండే స్థితి ప్లాస్మా. మెరుపులో ఉన్నది ఇదే. సూర్యునిలో ఉన్నదీ ఇదే. దీనిని చెప్పుచేతలలో ఉంచుకొనడం ఎట్లు?

1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావం పేరిట వెలసిన హాల్ థ్రస్టర్ ఇందుకొక మార్గం చూపింది. సోవియట్ దేశంలో అలెక్సీ మొరోజొవ్ బృందం దీనిని తీర్చిదిద్దగా, 1971 డిసెంబరులో మెటియోర్ ఉపగ్రహంతో అది అంతరిక్షానికి చేరింది. ఇందులో ఉంగరం వంటి ఒక కాలువ ఉంటుంది. దాని అడుగునున్న ఆనోడు వైపు నుండి జీనాన్ వాయువు ప్రవేశిస్తుంది. వెలుపలనున్న కాథోడు నుండి వచ్చే ఎలక్ట్రానులు ఆనోడు వైపు పరుగెత్తబోగా, కాలువకు అడ్డంగా నెలకొల్పిన అయస్కాంత క్షేత్రం వాటిని నిలువరిస్తుంది. అవి గానుగెద్దుల వలె గుండ్రంగా తిరుగుతూ, ఎదురైన జీనాన్ పరమాణువులను ఢీకొని అయానులుగా మారుస్తాయి. జీనాన్ అయాను ఎలక్ట్రానుకన్న సుమారు 2 లక్షల 40 వేల రెట్లు బరువైనది గనుక ఆ అయస్కాంతం దానిని అంతగా మళ్ళించలేదు. విద్యుత్ క్షేత్రం దానిని సెకనుకు ఇంచుమించు 20 కిలోమీటర్ల వేగంతో వెలుపలికి విసురుతుంది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. దారి తప్పిన అయానులు పింగాణీ గోడలను తాకి కొద్దికొద్దిగా అరగదీస్తాయి. గోడ అరిగిపోతే దాని వెనుకనున్న అయస్కాంతం బయటపడుతుంది. యంత్రం ఆయువు తీరుతుంది. ఈ యంత్రాలు వేల గంటలు నడిస్తేనే ప్రయోజనం. అమెరికాలో 4.5 కిలోవాట్ల థ్రస్టరు నొకదానిని శూన్యపు గదిలో 10,400 గంటలు నడిపి చూశారు. 5,600 గంటల తరువాత గోడ అరుగుదల దాదాపు ఆగిపోయింది! జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు దీని మర్మం గ్రహించారు. అరిగిన గోడ రూపం అయస్కాంత రేఖలకు సమాంతరంగా ఒదిగింది. అట్టి రేఖల వెంట గోడ చెంతకు చేరే ఎలక్ట్రానుల వేడిమి తక్కువ; అయానులను గోడవైపు త్రోసే విద్యుద్బలమూ స్వల్పం. తరువాత వారు తొలినుండే రేఖలను అట్లు మలచి, గోడలను కాపాడవచ్చునని ప్రయోగపూర్వకంగా చూపారు. పొలం గట్టు నీటిని ఆపినట్లు, కంటికి కనరాని గట్టు ప్లాస్మాను ఆపింది.

దీని విలువ ఎంతటిదో ఒక ఉదంతం చాటుతుంది. 2010 ఆగస్టు 14న అమెరికా ప్రయోగించిన ఏఈహెచ్ఎఫ్-1 ఉపగ్రహంలో ప్రధాన రసాయన యంత్రం పనిచేయలేదు. ఆరు టన్నుల ఉపగ్రహం వ్యర్థమయ్యే స్థితి. చిన్న రసాయన థ్రస్టర్లు కొంత ఎత్తుకు చేర్చగా, ఈ తరగతి హాల్ థ్రస్టర్లే నెలల తరబడి నెట్టి, 2011 అక్టోబరుకు దానిని భూస్థిర కక్ష్యలో నిలిపాయి. ఒక్కొక్క దాని బలం అరచేతిలో పాతిక గ్రాముల బరువు పెట్టినంత మాత్రమే!

మన దేశమూ వెనుకబడలేదు. 2017 మే 5న శ్రీహరికోట నుండి ఎగిరిన జీశాట్-9లో విద్యుత్ చోదక వ్యవస్థను అమర్చారు. 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టరును 1,000 గంటలు నడిపి పరీక్షించినట్లు 2025 మార్చిలో ఇస్రో ప్రకటించింది.

విద్యార్థులారా! ప్రయోగశాలలో అయస్కాంతంపై కాగితం పరచి, ఇనుప రజను చల్లి, మెల్లగా తట్టినపుడు తీరుగా ఏర్పడే వంపు రేఖలను మీరు చూచే ఉంటారు. పరీక్షలో ఆ పటానికి లభించేది రెండు మార్కులే కావచ్చును. అంతరిక్షంలో ఆరు టన్నుల ఉపగ్రహాన్ని గమ్యం చేర్చినవి ఆ రేఖలే. ఈసారి ఆ కాగితాన్ని దులిపివేసే ముందు మరొక్క నిమిషం చూడండి.