క్యాసీ హ్యాక్: ముసుగోడిది కాదు, బతికిన అమ్మాయిది ఈ కథ

ఈరోజు డైరెక్ట్‌గా ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

హాలోవీన్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? తెల్ల మాస్క్. ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ అంటే కాలిపోయిన మొహం, వేళ్ళకి కత్తులు. ఫ్రైడే ది థర్టీన్త్ అంటే హాకీ మాస్క్. నిజానికి ఆ హాకీ మాస్క్ మొదటి సినిమాలో లేదు, 1982లో మూడో పార్ట్‌లో వచ్చింది. అయినా అందరికీ అదే గుర్తు. సరే, ఇప్పుడు ఆ మొదటి సినిమాల్లో చివరిదాకా బతికిన అమ్మాయిల పేర్లు చెప్పండి చూద్దాం. లారీ పేరు కొంతమంది చెప్తారు. నాన్సీ పేరు ఇంకొంతమంది. ఆలిస్ పేరు చెప్పినవాళ్ళకి నా తరఫున ఒక దండం.

వీళ్ళకి ఒక పేరుంది, ఫైనల్ గర్ల్ అని. కెరోల్ క్లోవర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1987లో రాసిన ఒక వ్యాసం నుంచి ఆ మాట పాపులర్ అయింది. ఫ్రెండ్స్ అందరూ చచ్చిపోతారు, ఒక్క అమ్మాయి మిగులుతుంది, కిల్లర్‌ని ఎదిరిస్తుంది, తెల్లారుతుంది, సినిమా అయిపోతుంది. మనం కూడా హమ్మయ్య అనుకొని లేచి వెళ్ళిపోతాం.

మరి తర్వాత ఆ అమ్మాయికి ఏమవుతుంది? ఇది చూడండి. ఆలిస్ 1980లో బతికింది. 1981లో రెండో పార్ట్ మొదలవగానే ఆమెని చంపేశారు, టైటిల్స్ కూడా పడకముందే. నాన్సీ 1984లో బతికింది, 1987లో మూడో పార్ట్‌లో చచ్చిపోయింది. లారీది ఇంకా దారుణం. 1998లో వచ్చిన సినిమాలో ఆమె పేరు మార్చుకొని, మందుకి అలవాటుపడి, ఇరవై ఏళ్ళ భయాన్ని మోస్తూ కనిపిస్తుంది. చాలా మంచి ఐడియా. చివర్లో ధైర్యంగా గెలుస్తుంది కూడా. 2002లో నెక్స్ట్ పార్ట్ వచ్చింది, మొదట్లోనే ఆమెని లేపేశారు. కిల్లర్ మాత్రం ప్రతిసారీ తిరిగొస్తాడు. క్లోజ్ చేసిన బగ్‌ని ఎవడో రీఓపెన్ చేసినట్టు. నీళ్ళలో ముంచినా, కాల్చినా, తల నరికినా వస్తాడు, ఎందుకంటే పోస్టర్ మీద అమ్ముడుపోయేది వాడి మాస్క్. అమ్మాయిని మార్చేయొచ్చు, వాడిని మార్చలేరు.

ఈరోజు మనం మాట్లాడుకునే కామిక్ ఈ లెక్కనే తిరగేసింది. పేరు హ్యాక్ స్లాష్. టిమ్ సీలీ అనే రైటర్ సృష్టించాడు, ఆర్టిస్ట్ కూడా. చికాగోలో డెవిల్స్ డ్యూ అనే పబ్లిషర్ దగ్గర జి.ఐ. జో కామిక్స్ గీసినవాడు. 2004లో అదే పబ్లిషర్ నుంచి హ్యాక్ స్లాష్ మొదటి పుస్తకం వచ్చింది, స్టెఫానో కసెల్లి బొమ్మలతో. ఇందులో అమ్మాయి మారదు, కిల్లర్లు మారుతూ ఉంటారు. ఒక కథలో ఒక కిల్లర్ వస్తాడు, క్యాసీ హ్యాక్ అనే అమ్మాయి వాడిని వేటాడుతుంది, వాడు పోతాడు, ఆమె వ్యాన్ ఎక్కి ఇంకో ఊరికి వెళ్తుంది. హర్రర్ సినిమాల్లో ఇరవై ఏళ్ళకి పైగా వాళ్ళు వాడి పారేసిన క్యారెక్టర్ ఇక్కడ హీరోయిన్.

ఒక వార్నింగ్. ఇది పిల్లల కామిక్ కాదు. రక్తం, అడల్ట్ కంటెంట్ చాలా ఉంటాయి. పద్దెనిమిది దాటినవాళ్ళకే. ఇంకోటి, క్యాసీ మొదటి కథ ఇప్పుడు చెప్పబోతున్నాను, ఫ్రైడే ది థర్టీన్త్ మొదటి సినిమా ట్విస్ట్ కూడా చెప్తాను. స్పాయిలర్ వద్దనుకుంటే ఇక్కడ ఆపేయండి.

క్యాసీ స్కూల్‌లో ఒంటరి పిల్ల. తోటి పిల్లలు ఏడిపిస్తారు, వెక్కిరిస్తారు. వాళ్ళమ్మ డిలైలా అదే స్కూల్ క్యాంటీన్‌లో వండి వడ్డిస్తుంది. కూతురంటే ప్రాణం. తన కూతుర్ని ఏడిపించిన పిల్లల్ని ఆవిడ ఒక్కొక్కరిగా చంపడం మొదలుపెడుతుంది. అక్కడితో ఆగదు. ఆ మాంసాన్నే క్యాంటీన్‌లో వండి మిగతా పిల్లలకి వడ్డిస్తుంది. విషయం బయటపడ్డాక ఆవిడ వంటగదిలోనే తన ప్రాణం తనే తీసుకుంటుంది. కానీ చావుతో అయిపోదు, మళ్ళీ లేచి వస్తుంది. లేచి వచ్చిన అమ్మని చంపాల్సింది ఎవరు? క్యాసీయే. ఆమె చంపిన మొదటి స్లాషర్ కన్నతల్లి.

మొదటిసారి వింటే ఇది షాక్ కోసం రాసింది అనిపిస్తుంది. కాదు. ఫ్రైడే ది థర్టీన్త్ మొదటి సినిమాలో హంతకుడు జేసన్ కాదని మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది. జేసన్ వాళ్ళమ్మ. సమ్మర్ క్యాంప్‌లో చూసుకోవాల్సినవాళ్ళు పట్టించుకోకపోవడంతో కొడుకు నీళ్ళలో మునిగిపోయాడని ఆవిడ నమ్ముతుంది, అందుకే పగ. మరి ఆ క్యాంప్‌లో ఆవిడ ఉద్యోగం ఏంటో గుర్తుందా? వంట. పిల్లాడు మునిగిపోయిన రోజు తను వంట పనిలో ఉన్నానని ఆవిడే చెప్తుంది.

అంటే సీలీ ఆ తల్లినే తీసుకున్నాడని నా లెక్క. వంట చేసే తల్లి, బిడ్డ కోసం హత్యలు. ఒక్కటే మార్చాడు. సినిమాలో ఆ తల్లి హత్యలు చేసేది పోయాడనుకున్న బిడ్డ కోసం. ఇక్కడ బిడ్డ కళ్ళెదుటే బతికి ఉంది. "నీ కోసమే చేశాను" అని ఒక తల్లి ఇంత ఘోరం చేస్తే, ఆ మాటతో జీవితాంతం బతకాల్సింది ఆ బిడ్డ. చచ్చిపోయిన పిల్లలు క్యాసీని ఏడిపించినవాళ్ళు. వాళ్ళ కోసం ఆమె ఏడవాలా? ఏడిస్తే అమ్మకి ద్రోహం, ఏడవకపోతే తను కూడా అమ్మ లాంటిదేనేమో అన్న భయం. సిరీస్ మొత్తం ఈ భయం మీదే నడుస్తుంది అని నేను అనుకుంటాను. ప్రతిసారీ ఒక స్లాషర్‌ని మేకులు దిగ్గొట్టిన బేస్‌బాల్ బ్యాట్‌తో చితక్కొడుతుంది కదా, కొట్టేటప్పుడు ఆమెకి అందులో ఎంత హాయి ఉంది? ఆ ప్రశ్న క్యాసీకీ ఉంది, మనకీ ఉంటుంది.

ఇక్కడ స్లాషర్ అంటే ఏంటో చెప్పాలి. ఈ కామిక్‌లో స్లాషర్ అంటే మామూలు సీరియల్ కిల్లర్ కాదు. ద్వేషం ఎంత ఎక్కువంటే చావు కూడా ఆపలేక మళ్ళీ లేచినవాళ్ళు. ముఖ్యంగా కుర్రాళ్ళ మీద, వాళ్ళ సరదాల మీద, ప్రేమల మీద ద్వేషం. మన దెయ్యం సినిమాల్లో, కాంచన లాంటివి తీసుకోండి, దెయ్యానికి ఒక న్యాయమైన పగ ఉంటుంది, విలన్ పోతే లెక్క సరిపోతుంది. స్లాషర్‌కి ఆ లెక్క లేదు. అసలు ఎవరి మీద కోపమో వాళ్ళు పోయినా ఆగదు. ఎవరు నవ్వుతూ కనిపిస్తే వాళ్ళ మీదకి వెళ్తుంది. అందుకే డిలైలాకి కూతురి మీద ప్రేమ ఎంత నిజమైనా, లేచొచ్చాక దానికి ఏ విలువా లేదు.

క్యాసీకి తోడు ఒకడున్నాడు, వ్లాడ్. భారీ మనిషి, మొహం వికారంగా ఉంటుంది, గ్యాస్ మాస్క్ వేసుకుంటాడు, చేతిలో మాంసం కొట్టే కత్తులు. చికాగోలో ఒక కసాయి దగ్గర, బయటి ప్రపంచానికి కనిపించకుండా పెరిగాడు. చూస్తే అచ్చం స్లాషర్ సినిమా పోస్టర్ మీది మనిషే. క్యాసీ కూడా మొదట అలాగే అనుకొని వాడిని చంపడానికే వెళ్తుంది. తీరా చూస్తే మొత్తం సిరీస్‌లో మెత్తటి మనసున్నది వాడికే. నాకైతే ఈ పుస్తకాల్లో రక్తం కన్నా వ్యాన్‌లో, చీప్ మోటెల్ రూముల్లో వీళ్ళిద్దరి మాటలే ఎక్కువ ఇష్టం. ప్రేమికులు కాదు, అన్నాచెల్లెళ్ళు కాదు. ఊర్లో ఎవరికీ అక్కర్లేని ఇద్దరు.

2007లో ఒక గమ్మత్తు జరిగింది. చైల్డ్స్ ప్లే సినిమాల్లోని చకీ బొమ్మతో అఫీషియల్‌గా క్రాస్ఓవర్ వచ్చింది. అందులో చకీ వ్లాడ్ శరీరంలోకి దూరతాడు, పాపం వ్లాడ్ ఆ బొమ్మలో ఇరుక్కుంటాడు. కామెడీగా ఉంటుంది, కానీ పాయింట్ అదే. భయంకరమైన మొహంలో మంచివాడు, ముద్దొచ్చే బొమ్మలో హంతకుడు, అది కాస్తా రివర్స్. రీఆనిమేటర్ సినిమాలోని హెర్బర్ట్ వెస్ట్ కూడా ఈ సిరీస్‌లోకి వచ్చాడు.

మిగతా కిల్లర్లలో చాలామంది సొంతంగా అల్లినవాళ్ళే, కానీ చాలామందిని చూస్తే ఏ సినిమా మీద సెటైరో తెలిసిపోతుంది. కలల్లో చంపేవాడు ఉన్నాడు. కామిక్ కన్వెన్షన్‌లో హత్యలు జరిగే కథ ఉంది. కొన్ని అదిరిపోతాయి, కొన్ని తేలిపోతాయి, అన్నీ చెప్పుకుంటూ పోతే ఎపిసోడ్ చాలదు.

ఇప్పుడు నాకు నచ్చనిది కూడా చెప్పాలి. కవర్లు. స్లాషర్ సినిమాలు అమ్మాయిల్ని ఎలా చూపిస్తాయో అని లోపల ప్రశ్నించే పుస్తకం, బయట అట్ట మీద మాత్రం క్యాసీని పొట్టి బట్టల్లో, వయ్యారంగా నిలబెట్టి అమ్ముతుంది. ఇది సెటైర్ అని ఫ్యాన్స్ అంటారు. కొన్ని చోట్ల నిజంగానే సెటైర్. చాలా చోట్ల కాదు, మామూలు పిన్అప్ బొమ్మ అంతే. 2000ల మధ్యలో రాసిన కొన్ని జోకులు కూడా ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటాయి. ఒకవైపు క్యాసీకి దగ్గరితనం అంటేనే భయం, జార్జియా అనే అమ్మాయి మీద ఇష్టం కలిగితే దాన్ని ఏం చేయాలో తెలియక నలిగిపోతుంది, ఆ భాగం చాలా జాగ్రత్తగా రాశారు. పేజీ తిప్పితే అదే అమ్మాయిని షోకేస్‌లో బొమ్మలా గీస్తారు. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, దాన్ని దాచిపెట్టి మీకు రికమెండ్ చేయలేను.

అందుకే 2023లో వచ్చిన బ్యాక్ టు స్కూల్ అనే నాలుగు ఇష్యూల కథ నాకు స్పెషల్. జోయ్ థొరొగుడ్ అనే బ్రిటిష్ ఆర్టిస్ట్ రాసి, గీసింది. స్లాషర్లని వేటాడటం నేర్చుకునే అమ్మాయిల మధ్యకి క్యాసీ వెళ్తుంది. అదే క్యాసీ, అదే బ్యాట్. కానీ ఇక్కడ ఆమె నిద్ర లేని, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియని ఒక పిల్లలా కనిపిస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత ఎవరో ఆమెని పోస్టర్ లాగా కాకుండా మనిషిలా చూశారు అనిపించింది.

ఇంకొకరి చేతికి ఇచ్చినా క్యాసీని సీక్వెల్ కోసం చంపేయలేదు, గమనించారా? దానికి ఒక కారణం ఉంది. హాలోవీన్ లాంటి సినిమాల్లో రైట్స్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు నెక్స్ట్ పార్ట్ తీస్తారు. లారీ ఏమవ్వాలో లారీని పుట్టించినవాళ్ళు చెప్పలేరు. 2018లో హాలోవీన్ కొత్త సినిమా వచ్చినప్పుడు, 2002లో ఆమెని చంపిన సంగతే పక్కన పెట్టేసి, నలభై ఏళ్ళుగా కిల్లర్ కోసం తుపాకులతో కాచుకొని కూర్చున్న ముసలి లారీని చూపించారు. అందరూ కొత్తగా ఉందన్నారు. హ్యాక్ స్లాష్ అప్పటికే పద్నాలుగేళ్ళుగా అదే పని చేస్తోంది. సీలీ ఈ సిరీస్‌ని 2010లో ఇమేజ్ కామిక్స్‌కి మార్చాడు. ఇమేజ్ అంటే 1992లో పెద్ద కంపెనీల నుంచి బయటికొచ్చిన ఆర్టిస్టులు పెట్టుకున్న సంస్థ, అక్కడ క్యారెక్టర్ మీద హక్కు దాన్ని పుట్టించినవాళ్ళదే. మధ్యలో హ్యాక్ స్లాష్‌ని సినిమాగా తీస్తాం అని కూడా ప్రకటించారు, ఇప్పటిదాకా రాలేదు. నిజం చెప్పాలంటే నాకు పెద్ద బాధ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడుగుతారని తెలుసు. 2004 పుస్తకంతో వద్దు. 2010లో వచ్చిన మై ఫస్ట్ మేనియాక్‌తో మొదలుపెట్టండి. నాలుగే ఇష్యూలు, బొమ్మలు డేనియల్ లైస్టర్‌వి. అమ్మ పోయాక, వ్లాడ్ ఇంకా పరిచయం కాకముందు, క్యాసీ ఒక్కతే వేటకి దిగిన మొదటి కథ. అది నచ్చితే పాత కథలన్నీ ఆమ్నిబస్ పుస్తకాలుగా ఉన్నాయి. నచ్చకపోతే సిరీస్ వదిలేసి బ్యాక్ టు స్కూల్ ఒక్కటి చదవండి. డిజిటల్‌గా అఫీషియల్ స్టోర్లలో కొనుక్కోవచ్చు, టెలిగ్రామ్ లింకులు నన్ను అడగొద్దు. ఫోన్‌లో చదివేవాళ్ళు పేజీ మొత్తం ఒకేసారి పెట్టుకోకండి, ఒక్కో ప్యానెల్ పెద్దగా చూపించే మోడ్ ఉంటే ఆన్ చేసుకోండి. భయం ఎక్కువ పని చేసేది అలాగే, నెక్స్ట్ ప్యానెల్‌లో ఏముందో ముందే కంట్లో పడదు.

మై ఫస్ట్ మేనియాక్ చదివాక ఒక్క విషయం నాకు కామెంట్‌లో రాయండి. వాళ్ళమ్మ మీద క్యాసీకి ఇంకా ప్రేమ ఉందా, లేదా? నా ఫ్రెండ్ ఒకడు లేదని వాదిస్తున్నాడు, నేను ఉందంటున్నాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇదే టిమ్ సీలీ, మైక్ నార్టన్‌తో కలిసి చేసిన రివైవల్. చచ్చిపోయినవాళ్ళు ఒక చిన్న ఊర్లో మామూలుగా తిరిగొచ్చేస్తారు, ఎవరినీ కొరకరు, ఇంటికొచ్చి కూర్చుంటారు. అది ఇంకా భయంగా ఉంటుంది. బై.