పాత మోటారు స్థానంలో కొత్త మోటారు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఏదైనా నలుగురికీ పనికివచ్చే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. బి.పి., షుగరుల గురించి డాక్టరుగారు చెప్పేశారు. ఫ్యామిలీ పెన్షను కాగితాల గురించి కోశాధికారిగారు చెప్పేశారు. ఇక నాకు మిగిలింది పడవ మోటారు. నవ్వకండి. మత్స్యశాఖ కార్యాలయంలో 1974లో గుమాస్తాగా చేరి 2009లో దిగిపోయేవరకు నా బల్ల మీదినుంచి వెళ్ళిన ఫైళ్ళలో సగం పడవలవీ, వలలవీ, మోటార్లవే. పైగా నేను పుట్టింది పల్లెలో. ఈ హాలులో తీరగ్రామాల నుంచి వచ్చినవారు పదిమందికి తక్కువ లేరు. మన గ్రాట్యుటీలో, కమ్యుటేషనులో ఎంతో కొంత తమ్ముడి పడవకో, మేనల్లుడి మోటారుకో వెళ్ళని ఇల్లు మనలో తక్కువ. డబ్బు మనది, ప్రాణం వాళ్ళది. కనుక ఎంపిక తెలిసి చేయాలి.

పడవ వెనుక పలకకు తగిలించే ఈ అవుట్‌బోర్డ్ మోటారును వ్యాపారవస్తువుగా నిలబెట్టినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. 1909లో ఆయన అమ్మకం మొదలుపెట్టాడు. మన తూర్పు తీరంలో తెప్పకు, నావకు తెరచాప, తెడ్డే ఆధారంగా ఉండేవి. 1979లో ఎఫ్.ఏ.ఓ. ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలయ్యాక చిన్న పడవలకు ఇంజను పెట్టే ప్రయోగాలు ఊపందుకున్నాయి. తర్వాత ఫైబరు పడవలు వచ్చాయి. కొందరు అవుట్‌బోర్డ్ పెట్టారు, కొందరు డీజిల్ ఇంజనుకు పొడుగాటి షాఫ్టు తగిలించారు. ఈ రోజు తెరచాప కట్టడం తెలిసిన కుర్రాడిని రేవులో వెతుక్కోవాలి. అంటే మోటారు ఆగితే వాడికి వేరే దారి లేదు.

2023 వేసవిలో మా అన్నగారి అబ్బాయికి ఈ సమస్య వచ్చింది. మా అన్నగారు లేరు. ముందటి శీతకాలంలో ఆ అబ్బాయి, ఇద్దరు కళాసీలు మొగ దాటి వేటకు వెళ్ళి తిరిగి వస్తుండగా మోటారు బిగుసుకుపోయింది. సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. రాత్రంతా పాటుకు కొట్టుకుపోయి, తెల్లవారాక వేరే ఊరి పడవవాళ్ళు మోకు వేసి లాక్కొచ్చారు. విప్పి చూస్తే సముద్రపు నీటిని తోడి ఇంజనును చల్లబరిచే రబ్బరు చక్రం రెక్కలు విరిగి ఉన్నాయి. అది మూడు నెలల క్రితం అసలు సరుకు అని చెప్పి ఒక దుకాణంవారు అంటగట్టిన నకిలీ. చేతిలో పట్టేంత రబ్బరు ముక్క వల్ల ముగ్గురు మనుషులు పోవలసింది. అప్పటికి ఆ మోటారుకు 11 ఏళ్ళు.

మొదటి ప్రశ్న: బాగుచేయించాలా, మార్చాలా? నేను చెప్పే లెక్క ఇది. ముందు మెకానిక్కు చేత సిలిండర్ల కంప్రెషను చూపించండి. రెండు సిలిండర్లకూ తేడా నూటికి 10, 15 దాటితే లోపల అరుగుదల ఉన్నట్టే. గేరు ఆయిలు దింపి చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీరు దిగుతోందన్నమాట. సీలు ఒక్కటే పోతే మార్చుకోవచ్చు. బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మాత్రం ఆ డబ్బు సముద్రంలో పోసినట్టే. మా అబ్బాయి విషయంలో పిస్టను, సిలిండరు, గేరుపెట్టె మూడూ పోయాయి కనుక మార్చడమే అని తేలింది.

ఇక గొడవ హార్స్‌పవరు దగ్గర వచ్చింది. “బాబాయ్, పదిహేను పెడదాం. ముందొచ్చిన పడవకే రేటు. ఆలస్యంగా వస్తే పాటదారు మొహం చూడడు” అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. రేవులో ఆ న్యాయం నాకూ తెలుసు. కాని సముద్రానికి వేరే న్యాయం ఉంది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడుగును బట్టి ఒక వేగపు హద్దు ఉంటుంది. నీటిని ఆనుకుని ఉండే పొడుగు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే ఆ హద్దు నాట్‌లలో వస్తుంది. 16 అడుగులైతే సుమారు 5.4. మా వాడి పడవలాగ 25 అడుగులైతే 6.7, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. సన్నని పడవలు, ఖాళీ పడవలు దీన్ని కొంత మించవచ్చు. వల, ఐసు, చేపలు, నలుగురు మనుషులతో బరువెక్కిన పడవ మాత్రం ఆ హద్దు దగ్గర అడుగు ముందుకు పడక తోక దించి, ముక్కు ఎత్తుతుంది. అక్కడ అదనపు శక్తి అంతా అలలుగా, పొగగా పోతుంది. దీనికి తిరగేసిన లెక్క కూడా ఉంది. వేగం పదోవంతు తగ్గిస్తే కావలసిన శక్తి సుమారు పావువంతు తగ్గుతుంది. పెన్షనరుకు ఇంతకంటే మంచి వడ్డీ ఏ బ్యాంకు ఇస్తుంది?

బరువు కూడా చూడాలి. ఫోర్ స్ట్రోకు మోటారు పది హార్స్‌పవరుది సుమారు 40 కిలోలు, పదిహేనుది 50 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు పడవ కొసన వేలాడుతుంది. వెనుకనుంచి వచ్చే అల లోపలికి దూకేది అక్కడే. పడవ కట్టినవాడు ఈ పలక ఇంత మోటారు మోస్తుంది అని చెప్పిన హద్దు దాటవద్దు. నేను కాగితం మీద ఇదంతా వేసి చూపించాక మా వాడు 9.9 హార్స్‌పవరుకు దిగాడు.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది తర్వాతి మాట. టూ స్ట్రోకు తేలిక, విప్పడం సులువు, రేవులో ప్రతి మెకానిక్కుకూ తెలుసు. కాని ఆయిలు కలపాలి, తాగుడు ఎక్కువ. రమారమి లెక్కకు, పాతకాలపు కార్బురేటరు టూ స్ట్రోకు పూర్తి జోరు మీద హార్స్‌పవరుకు గంటకు అర లీటరు పెట్రోలు తాగుతుంది. ఫోర్ స్ట్రోకుకు మూడోవంతు లీటరు చాలు. పది హార్స్‌పవరుకు 5 లీటర్లు ఒకవైపు, 3.3 లీటర్లు ఒకవైపు. రోజుకు 4 గంటలు, ఏడాదికి 200 రోజులు వేటాడితే తేడా 1,360 లీటర్లు. లీటరు వంద రూపాయలనుకుంటే 1,36,000 రూపాయలు. కొనేటప్పటి ధర ఎక్కువని భయపడేవారు ఈ పద్దు కూడా రాసుకోవాలి. కొటేషన్లు మూడు తెప్పించి, ధరతోబాటు మూడేళ్ళ ఇంధనం ఖర్చు ఒకే వరుసలో వేసి చూడండి. మన ఆఫీసులో కంపారిటివ్ స్టేట్‌మెంటు వేసిన చేతులకు ఇదేమంత పని?

కిరోసిను మోటారు వేరే జాతి. అది పెట్రోలుతో స్టార్టు అయి, వేడెక్కాక కిరోసినుకు మారుతుంది. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు మార్చి కార్బురేటరు ఖాళీ చేయాలి. మామూలు పెట్రోలు మోటారులో చౌక కదా అని కిరోసిను పోస్తే కొట్టుకుంటుంది, మసిపట్టి చెడుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. అది చెమ్మను పీల్చుకుంటుంది. కనుక వేట నిషేధ కాలంలో ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకూడదు. నీటిని వేరుచేసే ఫిల్టరు ఒకటి గొట్టానికి తగిలించుకోవాలి.

కొనేవాళ్ళు తరచు మరచిపోయేది షాఫ్టు పొడుగు. పలక పై అంచు నుంచి పడవ అడుగు దాకా టేపు పెట్టి కొలవండి. సుమారు 15 అంగుళాలుంటే పొట్టి షాఫ్టు, 20 ఉంటే పొడుగు షాఫ్టు. మోటారు బిగించాక పంకాకు పైన ఉండే పళ్ళెంలాంటి రేకు పడవ అడుగుకు సమానంగానో, అంగుళం కిందుగానో ఉండాలి. పొట్టిదైతే అలమీద పంకా గాలి పీల్చి మోటారు పిచ్చెత్తినట్టు తిరుగుతుంది, నీరందక వేడెక్కుతుంది. మరీ పొడుగైతే నీటిలో ఈడ్పు, ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇసుకలో గుద్దుడు.

పంకా సంగతి. దీని మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వెడల్పు, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలన్నది. తేలిక పడవకు పిచ్ ఎక్కువది, బరువు పడవకు తక్కువది. మొదటి పది గంటలు కొత్త మోటారును మెల్లగా నడిపాక, మామూలు బరువు వేసి పూర్తి జోరు ఇచ్చి చుట్లు కొలిపించండి. కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని చుట్లు రాకపోతే పిచ్ తగ్గించాలి. అంగుళం తగ్గితే నిమిషానికి 150, 200 చుట్లు పెరుగుతాయి. మా వాడికి మోటారుతో వచ్చిన పంకా సరిపోలేదు. మార్చాక బరువుతో కూడా పడవ తేలిగ్గా లేచింది. రేవుకు ముందు వచ్చేవాళ్ళలో ఇప్పుడు వాడూ ఉంటున్నాడు.

ఏ కంపెనీది కొనాలి అని అడుగుతారు. నేను కంపెనీ పేరు చెప్పను. మీ రేవుకు గంట ప్రయాణంలో ఏ మోటారుకు మెకానిక్కు, విడిభాగాలు దొరుకుతాయో అది కొనండి. ఇందాక చెప్పిన ఎవిన్‌రూడ్ పేరుమీద 1909 నుంచి వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. నూరేళ్ళ పేరుకూ ఆ గతి పట్టింది. పేరుకన్నా విడిభాగం ముఖ్యం. బిల్లు లేకుండా కొనవద్దు. పాత మోటారు కొనేవారు నంబరు పలక చెరిపి ఉంటే తాకవద్దు. మోటారు మార్చగానే పడవ రిజిస్ట్రేషనులో కొత్త నంబరు రాయించండి. బీమా క్లెయిము, రాయితీ అన్నీ ఆ నంబరు దగ్గరే ఆగిపోతాయి. ఆగిన ఫైళ్ళు ఎన్నో నేను చూశాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఉంటుంది. ఈ పనులన్నింటికీ అది సరైన కాలం.

తర్వాతి సంరక్షణ నాలుగు మాటల్లో. రోజూ వచ్చాక మంచినీటితో లోపల కడగాలి. రబ్బరు చక్రం ఏడాదికొకటి మార్చాలి. జింకు ముక్క సగం అరిగితే కొత్తది వేయాలి. మోటారు నడుస్తున్నంతసేపూ పక్కనుంచి సన్నని నీటిధార పడుతోందా అని చూడాలి. ధార ఆగిందంటే వెంటనే మోటారు ఆపాలి.

చివరగా, 1996 నవంబరు 6 తుపాను ఈ హాలులో ఎవరూ మరచిపోలేదు. అప్పుడు తిరిగిరాని పడవల జాబితాలు రాసిన చేతుల్లో నాదీ ఒకటి. ఎంత మంచి మోటారైనా తుపాను ముందు ఆగదు. కనుక మోటారుకు డబ్బిచ్చే పెద్దలు ఒక షరతు పెట్టండి. పదిహేనుకు, 9.9కు మధ్య మిగిలిన డబ్బుతో మేము నాలుగు లైఫ్ జాకెట్లు, ఒక వి.హెచ్.ఎఫ్. సెట్టు, ఒక ప్లగ్గు జత, అసలు రబ్బరు చక్రం, మోటారు పలకనుంచి ఊడినా పోకుండా ఒక గొలుసు కొనిపించాం. తెడ్లు రెండు, లంగరు, తగినంత మోకు ఎలాగూ ఉండాలి. కోస్టుగార్డు నంబరు 1554, మెరైను పోలీసు నంబరు 1093. పడవ లోపలి వైపు పెయింటుతో రాయించండి. మా వదిన ఆ పెయింటు తనే దగ్గరుండి వేయించింది. “లెక్కలు మీవి, మరిదిగారూ. రాత్రిళ్ళు నిద్రపోవలసింది నేను” అంది.

 ఎవరికైనా మోటారు కొటేషన్లు సరిచూడవలసి వస్తే నెలలో మొదటి ఆదివారం సంఘ కార్యాలయానికి తీసుకురండి. కళ్ళజోడు, కాలుక్యులేటరు నేను తెచ్చుకుంటాను.