మనది మానుకుని ఇద్దాం

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ ఇది. మీలో చాలామంది చేతిలో ఈపాటికి టీ గ్లాసు ఉండే ఉంటుంది. తాగండి, తాగుతూనే వినండి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ గ్లాసును గురించే.

డిసెంబరు వచ్చిందంటే మా కడపలో క్రైస్తవుల ఇళ్ళ ముందు నక్షత్రాలు వెలుగుతాయి. పిల్లలకు కొత్త బట్టలు, ఇంట్లో కజ్జికాయలు, కేకు, ఒకటే సందడి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని మేము ఆగమన కాలం అంటాము. ఆ రోజుల్లో ఏదో ఒక చిన్న సుఖం మానుకుని, ఆ డబ్బు లేనివాళ్ళకు ఇవ్వడం కొన్ని ఇళ్ళలో అలవాటు.

ఇది ఒక్క మతానికి చెందిన మాట కాదండీ. రంజాన్ పండుగ నమాజుకు ముందే ముస్లిం సోదరీమణులు బీదలకు ఫిత్రా తీసి పెడతారు. 1965లో దేశానికి తిండిగింజలు కరువైనప్పుడు లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమని అడిగితే, ఎన్నో ఇళ్ళలో ఆ పూట పొయ్యి వెలగలేదు. మిజోరంలో ఆడవాళ్ళు 1910 నుంచి అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి చర్చికి పక్కన పెడుతున్నారు. మన తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం తీసే ఇల్లాళ్ళు ఉన్నారు. ఇక మన సీమ సంగతి వేరే చెప్పాలా? 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలితో వచ్చినవాళ్ళకు తిండి పెట్టి నిలబెట్టిన కథను జనం పాటలుగా కట్టుకున్నారు. ఆయనంటే ఆస్తిపరుడు. మనలాంటివాళ్ళ దగ్గర ఏముంది? నెల జీతం, లెక్క ప్రకారం ఖర్చు. అయినా మన చేతిలోనూ కాస్త ఉంది. అది నేను ఎట్లా తెలుసుకున్నానో చెబుతాను.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద నీళ్ళు విరుచుకుపడ్డాయి. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వానకోసం ఆకాశం చూసే మన సీమలో నీళ్ళే ఇళ్ళు ఊడ్చుకుపోవడం మాకు తట్టుకోలేని సంగతైంది. ఆ ఏడు పండుగ ఎట్లా చేసుకోవాలో మనసు ఒప్పలేదు.

డిసెంబరు ఒకటో తేదీన ఒక రేకు డబ్బాకు మూతలో సందు కోయించి వంటింట్లో పెట్టాను. మధ్యాహ్నం టీ, సాయంత్రం బజ్జీలు మానేశాను. రోజుకు ముప్పై రూపాయలు. ఇరవై నాలుగు రోజులకు 720 రూపాయలవుతుందని లెక్క వేసుకుని, నాకు నేనే మురిసిపోయాను.

పది రోజులు గడిచాయి. ఒకనాడు మా ఇంట్లో బోకులు తోమే ఆమె డబ్బా వంక చూసి, నవ్వుతూనే అడిగింది: "అమ్మా, మీరు పుణ్యం చేస్తాండారు సరే. నా టీ కూడా అందులోనే పడిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నేను టీ పెట్టుకోవడం మానేసినప్పటి నుంచి ఆమెకూ ఇవ్వడం మానేశాను. పొద్దున ఆరింటికి ఇల్లు వదిలిన మనిషి. మూడు ఇళ్ళు చేసి మా ఇంటికి వచ్చేసరికి రెండు దాటుతుంది. నాకది చిరుతిండి లాంటిది, ఆమెకది ఆ పూట ఆసరా. ఆమె గ్లాసు లాక్కుని, నా పేరు మీద దానం చేస్తున్నానన్నమాట! ఆమెకు "తప్పయింది" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మరునాడు చెప్పాను. ఆ రోజు నుంచి ఆమెకు టీ పెట్టాను, నేను తాగలేదు. పక్కనే టీ వాసన వస్తుంటే తాగకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మానుకోవడం అంటే అసలు అదేనేమో.

సువార్తలో బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ చాలామందికి తెలుసు. ఆమె వేసింది తన సొంత కాసులు. ఆ సంగతి ఎన్నోసార్లు విన్నాను గాని, చెవికెక్కింది ఆ రోజే.

అందుకే మీకు నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. మొదటిది, మీకిష్టమైనదే మానండి. అత్తగారి పాలు, పిల్లల పండ్లు, పనివాళ్ళ టీ జోలికి పోవద్దు. రెండోది, మానేటప్పుడు ఎవరి పొట్ట కొడుతున్నామో చూసుకోండి. వీధిలో పూలమ్మే ఆమె దగ్గర మూర పూలు మానేస్తే ఆ సాయంత్రం ఆమె ఇంట్లో బియ్యం తగ్గుతాయి. నేనైతే ఆ తర్వాత బజ్జీల బండి అవ్వ దగ్గర కొనడం మళ్ళీ మొదలుపెట్టి, అంగడి బిస్కెట్లు, కూల్ డ్రింకులు, ఫోనులో తెప్పించుకునే తిండి మానేశాను. మూడోది, ఏ రోజు డబ్బు ఆ రోజే డబ్బాలో వేయండి. నెలాఖరుకు వేద్దామంటే అది సరుకుల్లో కలిసిపోతుంది.

నాలుగోది ముఖ్యం. ఇచ్చే ముందు అడగండి. ఆ ఏడు మా వీధిలో తొమ్మిది ఇళ్ళ డబ్బాలు కలిస్తే ఆరు వేల పైచిలుకు వచ్చింది. దుప్పట్లు కొందామనుకున్నాం. వెళ్ళి అడిగితే ఒక ముసలమ్మ, "బియ్యం ఇచ్చినారు, పాత చీరలు ఇచ్చినారు. వండుకునేదానికి గిన్నె లేదు తల్లీ" అంది. గిన్నెలు, గరిటెలు, నీళ్ళ బిందెలు కొని తీసుకుపోయాం. అడగకపోయి ఉంటే మనకు తోచింది ఇచ్చి వచ్చేవాళ్ళం.

క్రిస్మస్ వెళ్ళాక డబ్బాను అటక ఎక్కించవద్దు. కర్నూలు వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. వాళ్ళతో పోయిన పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. అవ్వతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకు నోటుపుస్తకాలు, రాత్రి ఒక ముద్ద అవసరం. పండుగ ఒక్క రోజే, ఆకలి మాత్రం రోజూ ఉంటుంది.

మా రేకు డబ్బా ఇప్పటికీ పొయ్యి పక్కనే ఉంది. రెండు గంటలకు నేను ఒక్క గ్లాసే టీ పెడతాను. అది నాది కాదు.

ఇక మీ టీ చల్లారుతోంది, తాగండి. సెలవు.