ఫ్లెక్సీ వచ్చినంక స్క్రీన్ పని

మేం నారాయణఖేడ్‌ల పెండ్లిపత్రికలు కొట్టే స్క్రీన్ పనోళ్లం. ఫ్రేముకు సన్న జాలీబట్ట బిగించి, మందు పూసి, వెలుతురు చూపించి, స్క్వీజీతోని రంగు గుంజుతం. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. యాభై కార్డులకైనా, ఐదొందలకైనా ఆ తయారీ ఖర్చు ఒక్కటే. డిజిటల్ మిషనుకు స్క్రీనే అక్కర్లేదు, పది కార్డులైనా కొడుతది. చిన్న గిరాకీ అటే పోయింది.

బ్యానర్లు రాసే ఆర్టిస్టుల గోస ఇంకా పెద్దది. వాళ్ల కుంచెను ఫ్లెక్సీ మింగింది. 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్లకు తక్కువున్న పీవీసీ బ్యానర్లు దేశమంతా నిషేధమే కదా! మరి ఆఫీసు మీటింగులకు గుడ్డ బ్యానర్లు ఎందుకు రాయించరు? ఉద్యోగులు మీరే అడగాలె.

వందల లెక్కన గుడ్డసంచులైతే స్క్రీన్ అచ్చే ఇప్పటికీ అగ్గువ. విద్యార్థి తమ్ముళ్లు కంప్యూటర్ల డిజైను చేసియ్యుండ్రి, స్క్రీన్ మేం కడతం.